నలభై ఆరు పానాల ఎర్ర పెట్టె

ఫోర్తునాతో అలనోకా చేతికి పానా ఇచ్చి "ఎలా ఉంది మేస్త్రీ?" అని అడిగితే ఇక ఆ పూటకి ఆ దుకాణంవాడి బేరం అటకెక్కినట్టే. ఆయన బాగుందనడు, బాలేదనడు. పానా తలలోని పళ్ళచక్రాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఒక్కో పన్నూ కదిలిస్తూ వింటాడు. వెనక నలుగురు నిలబడి గొంతు సవరించుకుంటున్నా కళ్ళు మూసుకునే ఉంటాడు. ఆఖరికి తెరిచి, "దీనికి లోపల దగ్గొచ్చింది" అని తిరిగిచ్చేస్తాడు. నూనె కాగితంలోంచి అప్పుడే తీసిన కొత్త పానా, దానికి దగ్గేమిటని దుకాణంవాడు నెత్తి కొట్టుకోవాలి.

ఆయన పుట్టుకే అంత. యాభై ఎనిమిదేళ్ళొచ్చినా బస్తాలో బంగాళాదుంపలు ఒక్కొక్కటే నొక్కి చూసుకుంటాడు. పదహారో ఏట పల్లె వదిలి ఎల్ ఆల్తో పట్నం వచ్చి, ఎనిమిదేళ్ళు ఒక లారీ మెకానిక్ దగ్గర తిట్లు తిని పని నేర్చాడు. ఇంటి ముందు తనే గుంట తవ్వుకున్నాడు, తనే సిమెంటు చేసుకున్నాడు, బండి కిందికి దిగడానికి ఐదు మెట్లు పెట్టుకున్నాడు. ఆ మెట్లలో మూడోది అర అంగుళం ఎక్కువైందని మళ్ళీ పగలగొట్టి కట్టుకున్నాడు. "నన్ను చేసుకునేముందు కూడా ఇలాగే తిప్పి తిప్పి చూశాడు, నాలుగేళ్ళు" అంటుంది ఆయన భార్య నియేవెస్. "ఐదో ఏడు నేనే విసుగొచ్చి వాళ్ళింటికి మూట తెచ్చేసుకున్నా."

ఈసారి మాత్రం ఆ చాదస్తానికి కారణం ఉంది. అక్కడ చలికాలమైన జూన్‌లో ఒకరోజు జాకీ మీదనుంచి గేరుబాక్సు జారి ఆయన కుడిచేతి మీద పడింది. ఎముకలు అతుక్కున్నాయి గానీ చివరి రెండు వేళ్ళూ మళ్ళీ మడతపడలేదు. ఆ సంగతి నియేవెస్‌కి తప్ప ఇంకెవరికీ తెలియదు. అడిగినవాళ్ళకి చలి అని చెప్పి చేతికి తొడుగేసుకు తిరుగుతున్నాడు. ఇంటి ముందు రూటులో తిరిగే ముప్పై మినీబస్సులు ఆయన్ని నమ్ముకున్నాయి. "అలనోకా చెయ్యి పోయిందట" అన్న మాట ఒక్క డ్రైవరు చెవిన పడితే చాలు, సోమవారానికల్లా ముప్పై బళ్ళూ రోడ్డవతలి షెడ్డులో ఉంటాయి.

మామూలు పానాతో బోల్టు విప్పాలంటే పావు చుట్టు తిప్పాలి, పానా తియ్యాలి, మళ్ళీ పెట్టాలి, మళ్ళీ పావు చుట్టు. తీసి పెట్టిన ప్రతిసారీ వేళ్ళు బిగించాలి. ఆరో బోల్టు దగ్గరికొచ్చేసరికి ఆయన చెయ్యి చచ్చుబడిపోతోంది. అదే రాచెట్ పానా అయితే ఒకసారి బోల్టుకి తగిలించి, అరచేత్తో అటూ ఇటూ తోస్తుంటే కరకరమంటూ దానంతటదే విప్పుకుంటుంది. వేళ్ళతో పని లేదు. అలాంటివి మంచివి ఆరు దొరికితే ఇంకో పదేళ్ళు గుంటలోకి దిగొచ్చు, దొరక్కపోతే ఈ ఏడాదితో సరి. లోపలి కొక్కెం అరిగి, గట్టి బోల్టు మీద జారిపోయే పానా అయితే ఉన్న మూడు వేళ్ళూ పోతాయి. అందుకే ఆయన ఎల్ ఆల్తోలో ఉన్న ప్రతి పానానీ చెవి దగ్గర పెట్టుకుని తిరుగుతున్నాడు.

దుకాణాల్లో దొరకలేదు. కొన్నింటికి తల మరీ లావు, గేరుబాక్సు పక్క సందులో దూరదు. కొన్నింటికి పళ్ళు పెద్దవి, ఒక్క పన్ను జరగాలన్నా చెయ్యి బారెడు ఊపాలి, బండి కింద అంత చోటెక్కడిది? ఆఖరికి సంతలో దొరికాయి. గురువారం, ఆదివారం సాగే ఆ మహా సంతలో, పాత ఇనుము వరసలో, దోన్యా ఎలెవుతేరియా అనే ఆవిడ పరిచిన నీలం పట్టా మీద ఒక మైనపు గుడ్డ చుట్ట. విప్పితే ఆరు రాచెట్ పానాలు. వాడినవి. పై మెరుగంతా పోయి కాలిన పెనంలా నల్లబడ్డాయి. కానీ మెడ దిట్టంగా ఉంది, పళ్ళు సన్నంగా ఉన్నాయి, కదిపితే ఇసుమంతైనా ఊగడం లేదు. చెవి దగ్గర పెట్టుకున్నాడు. దగ్గు లేదు.

కొనెయ్యొచ్చు కదా? కొనడు. ఆ గురువారం చూశాడు. ఆదివారం మళ్ళీ చూశాడు. మరుసటి గురువారం జేబులో సొంత బోల్టులు వేసుకెళ్ళి ఒక్కొక్కదానికీ తగిలించి చూశాడు.

"ఏమయ్యా, కొంటావా, పెళ్ళి చేసుకుంటావా దాన్ని?" అంది దోన్యా ఎలెవుతేరియా, నములుతున్న కోకా ఆకుని ఈ బుగ్గనుంచి ఆ బుగ్గకి మార్చుకుంటూ.

"పన్నెండో నంబరు కాస్త ఊగుతున్నట్టుంది దోన్యా."

"ఊగేది నీ బుర్ర. ఈ పానాలు నీకన్నా ముందు పుట్టాయి, నువ్వు పోయాక కూడా ఉంటాయి. తీసుకుంటే తీసుకో, లేకపోతే ఎండకి అడ్డం తప్పుకో."

"వచ్చే గురువారం తీసుకుంటా. ఎవరికీ ఇవ్వకు."

"ఎవరడుగుతార్లే! నీలాంటి పిచ్చోడు ఊరికొక్కడే ఉంటాడు."

వచ్చే గురువారం ఏమిటో ఆ మహానుభావుడికి గుర్తులేదు. కార్నివాల్ పండగకి ముందొచ్చే కొంపాద్రెల గురువారం అది. పొద్దున్నే బీరు పెట్టె భుజాన వేసుకుని కొంపాద్రె రొసెందో వయ్యపా గుమ్మంలో దిగబడ్డాడు. ఫోర్తునాతో కూతురికి బాప్తిస్మంలో ఆయనే జ్ఞానతండ్రి, ఆ వరసకే ఒకరినొకరు కొంపాద్రె అని పిలుచుకుంటారు. అంతకన్నా ముఖ్యం, ఆ రూటు డ్రైవర్ల సంఘానికి పెద్ద. ఏ బండి ఎక్కడ బాగుచేయించుకోవాలో ఆయన మాటే మాట. పెద్ద బొజ్జ, పెద్ద టోపీ, పెద్ద మనసు, అంతకన్నా పెద్ద నోరు. ఇంకొకరు మాట్లాడుతుంటే ఊపిరాడనట్టు ఉంటుంది ఆ మనిషికి.

నాలుగో సీసా దగ్గర నియేవెస్ నోరు జారింది. "ఈయన పానాల కోసం సంత చుట్టూ గిరగిరా తిరుగుతున్నాడు కొంపాద్రె, ఇంట్లో ఒక్క పనీ సాగట్లేదు."

రొసెందో బల్ల మీద గుద్దాడు. "పానాలా! నేనుండగా మీరు సంతలో పానాలు వెతుక్కోవడమేంటి కొంపాద్రె? కార్నివాల్ మంగళవారం బీరు ధార పోసి మీ షెడ్డుకి చల్య పూజ చేస్తారుగా? ఆ రోజు మీ పానాలకి జ్ఞానతండ్రిని నేనే!"

"మీకెందుకు కొంపాద్రె శ్రమ..."

"శ్రమా? ఇంకో మాటంటే ఈ సీసా మీ నెత్తిన బోర్లిస్తా. తాగండి!"

అంతే, అయిపోయింది. అక్కడ ప్రతిదానికీ ఒక జ్ఞానతండ్రి ఉండాల్సిందే. పెళ్ళి కేకుకొకడు, బ్యాండుమేళానికొకడు, ఫుట్‌బాల్ జట్టు చొక్కాలకొకడు. జ్ఞానతండ్రి నోరు తెరిచి మాట ఇచ్చాక పుచ్చుకునేవాడి పని నోరు మూసుకుని దణ్ణం పెట్టడమే. ఫలానాది కావాలని అడక్కూడదు. ఆయన తెచ్చేలోగా సొంతంగా కొనుక్కోవడమంటే ఇచ్చే చేతి మీద ఉమ్మేసినట్టే.

రొసెందో వెళ్ళాక ఫోర్తునాతో భార్య మీద విరుచుకుపడ్డాడు. "నీకు నోరెందుకు పెట్టాడు దేవుడు?"

"రెండు వారాలు చెవి దగ్గర పెట్టుకుని ఊరేగకుండా మొదటి రోజే కొనుంటే నా నోటికి పనుండేదా?" అంది నియేవెస్. దాంతో ఆయనకి ఇంకా ఒళ్ళు మండింది.

అడక్కూడదు సరే. కంటికి చూపించకూడదని ఎవరూ అనలేదుగా? ఆదివారం హెడ్‌లైటు బల్బు వంకతో రొసెందోని సంతకి లాక్కెళ్ళాడు. బల్బుల వరస దాటించి, అక్కర్లేని మలుపులన్నీ తిప్పి, నీలం పట్టా ముందు నిలబెట్టాడు. మైనపు గుడ్డ విప్పాడు. పద్నాలుగో నంబరు తీసి కరకరలాడించి "ఆహా" అన్నాడు. పదిహేడో నంబరు తీసి ఇంకా గట్టిగా "ఆహా" అన్నాడు. దోన్యా ఎలెవుతేరియా ఆకాశం వంక చూసి నిట్టూర్చింది.

రొసెందో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఫోర్తునాతో భుజం మీద చెయ్యేసి, "పదండి కొంపాద్రె. ఇక చాలు. నాకర్థమైంది" అన్నాడు.

అర్థమైందన్న మాటకి ఫోర్తునాతో ప్రాణం లేచొచ్చింది. ఆ రాత్రి రెండు కంచాలు తిన్నాడు. కానీ పాపం రొసెందోకి అర్థమైంది వేరు. ముప్పై బళ్ళకి ప్రాణం పోసే తన కొంపాద్రె ఆఖరికి తుక్కు ముందు నిలబడి లొట్టలేసే గతికి దిగజారాడు, తను బతికుండగా! పైగా, పదిమంది ముందు పూలు చల్లి ఇచ్చే కానుక వాడేసిన నల్ల ఇనుమైతే జ్ఞానతండ్రి మొహం ఎక్కడ పెట్టుకుంటాడు? అలా ఇచ్చినవాణ్ణి ఎల్ ఆల్తోలో ఇంతవరకు ఎవరూ చూడలేదు.

కార్నివాల్ మంగళవారం రానే వచ్చింది. షెడ్డంతా రంగు కాగితాల దండలు. గుంట నాలుగు మూలలా బీరు ధార పోశారు, పూలరేకులు చల్లారు, పటాసులు పేల్చారు. భూతల్లి పచమామకి సాంబ్రాణి పొగ వేశారు. అప్పుడు రొసెందో, ఇంకో డ్రైవరూ కలిసి ఒక ఎర్ర పెట్టె మోసుకొచ్చారు. ఇద్దరు పట్టాల్సినంత పెట్టె. దానిమీద రొసెందో టోపీ అంత పట్టు రిబ్బను పువ్వు.

మూత తీస్తే షెడ్డులో రెండో పొద్దు పొడిచినట్టయింది. తళతళలాడే రాచెట్ పానాలు, పెద్దవీ చిన్నవీ వరసలుగా. చంబీయా అనే డ్రైవరు వేలు పెట్టి పైకే లెక్కపెట్టాడు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. "నలభై ఆరు!" అని కేకేశాడు. జనం చప్పట్లు.

నలభై ఆరు! వాటిలో ఎనిమిదో నంబరువి మూడున్నాయి. ముప్పయ్యో నంబరుది ఒకటుంది, అది పట్టే బోల్టు ఆ ముప్పై బళ్ళలో దేనికీ లేదు. ఫోర్తునాతో పద్నాలుగో నంబరు తీసి, అలవాటు చొప్పున చెవి దగ్గర పెట్టుకున్నాడు. దగ్గు కాదు, అది ఆయాసం. పైన పటారం, లోన లొటారం. ఊరికే ఇచ్చిన ఆవుకి పళ్ళు లెక్కపెట్టకూడదంటారు గానీ, ఆ ఆవు మీదే బతుకు ఆధారపడ్డవాడు లెక్కపెట్టక ఏం చేస్తాడు? కళ్ళు మూసుకుని అలాగే ఉండిపోయాడు. నియేవెస్ పక్కనుంచి కాలు తొక్కింది.

"చాలా బాగున్నాయి కొంపాద్రె" అన్నాడు కళ్ళు తెరిచి.

"విన్నారా! మేస్త్రీ నోట బాగుందన్న మాట వచ్చింది!" అని రొసెందో ఎగిరి గంతేశాడు.

సెలవులు గడిచి సోమవారం పని మొదలైంది. మొదటి బండి, మూడో బోల్టు. పద్నాలుగో నంబరు ఠక్కున జారి ఫోర్తునాతో వేలి కణుపులు ఇనుముకేసి కొట్టుకున్నాయి. బుధవారం పన్నెండో నంబరు తల విచ్చుకుంది. పారేద్దామంటే చల్య చేసిన వస్తువు, ఆ ఏడాది గడప దాటించకూడదు. దాచేద్దామంటే రొసెందో ప్రతి పొద్దునా బండి ఆపి హారన్ కొట్టి మరీ అడుగుతాడు. "నా బిడ్డలెలా ఉన్నారు కొంపాద్రె?"

"బాగున్నారు కొంపాద్రె."

"అందరితోనూ పని చేయిస్తున్నారా? నలభై ఆరుగురూ?"

"అందరితోనూ."

కక్కలేక మింగలేక మళ్ళీ పాత మామూలు పానాలే పట్టుకున్నాడు. మధ్యాహ్నానికి చెయ్యి వాచి రొట్టెలా అయ్యేది. నియేవెస్ వేడినీళ్ళ కాపడం పెడుతూ తిట్టేది, తిడుతూ ఏడ్చేది. "చెప్పెయ్యరాదా ఆయనకి?" అనేది. "ఏమని చెప్పను? మీ కానుక చెత్త అనా, నా చెయ్యి చెత్త అనా?" అని కసిరేవాడు. రెండోది చెబితే అన్నం పోతుంది, మొదటిది చెబితే కొంపాద్రె పోతాడు.

మరుసటి వారం గురువారం ముఖానికి మఫ్లరు చుట్టుకుని దొంగలా సంతకెళ్ళాడు. మైనపు గుడ్డ చుట్ట అక్కడే ఉంది.

"ముహూర్తం కుదిరిందా?" అంది దోన్యా ఎలెవుతేరియా.

"నోర్మూసుకుని ఇవ్వు దోన్యా."

ఆ రోజునుంచి పైన ఎర్ర పెట్టె మూత తెరిచి, తుడిచి, అందరికీ కనబడేట్టు ఉండేది. కింద గుంటలో, చీకటి మూలన మైనపు గుడ్డ. శుక్రవారం ఒక గేరుబాక్సు దింపి, ఒకటి ఎక్కించాడు. నల్ల పానా ఒక్కసారి కూడా జారలేదు. ఎనిమిది నెలల్లో మొదటిసారి, సాయంత్రం చొక్కా బొత్తాలు తనే విప్పుకున్నాడు. నియేవెస్ చూసి పక్కకి తిరిగి ముక్కు చీదుకుంది.

ఆ సుఖం నాలుగు రోజులే. ఐదో రోజున రొసెందో సొంత బండే వచ్చి గుంట మీద నిలబడింది, క్లచ్ పోయి. దాని వెనక బ్రేకుల కోసం చంబీయా బండి. రొసెందో గుంట అంచున బొజ్జ మోపినట్టు కూర్చున్నాడు. "నా బండి నా పానాలతోనే చెయ్యాలి. చూస్తా కూడా."

ఫోర్తునాతో ఎర్ర పెట్టెలోంచి ఇంకో పద్నాలుగో నంబరు తీసుకుని దిగాడు. మొదటి బోల్టు ఎలాగో వదిలింది. రెండోదానికి పానా జారింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ జారింది. పైనుంచి రొసెందో, "అలా కాదు కొంపాద్రె, కాస్త ఎడమకి!" అని పాఠం చెబుతున్నాడు. ఫోర్తునాతో పళ్ళు కోపంతో పటపటలాడుతున్నాయి.

"చలి కొంపాద్రె. లోపలికెళ్ళండి, నియేవెస్ వేడిగా మొక్కజొన్న జావ 'ఆపి' కాచింది."

ఆ మాటకి రొసెందో లేచాడు. అడుగుల చప్పుడు వంటింటి దాకా పోగానే ఫోర్తునాతో మైనపు గుడ్డ విప్పాడు. కరకర, కరకర. రెండోది వదిలింది. మూడోదానికి తగిలించాడు. వెనక మెట్ల మీద ఎవరో దిగుతున్నారు. తిరిగి చూస్తే రొసెందో. కొంపాద్రెకి చలిగా ఉందని రెండు చేతుల్లో రెండు ఆపి గ్లాసులు పట్టుకుని వచ్చాడు.

ఆయన చూపు నల్ల పానా మీద ఆగింది. అక్కణ్ణుంచి గుడ్డ మీదికి వెళ్ళింది.

"ఇవి ఆ తుక్కు కొట్లోవి" అన్నాడు నెమ్మదిగా.

ఫోర్తునాతో గుడ్డ కొస లాగి మిగతా పానాలు కప్పబోయాడు.

"నేను నలభై ఆరు తెచ్చాను. నలభై ఆరు! మీరు వాటిని బొమ్మల కొలువులా పైన పెట్టి, ఇక్కడ దొంగతనంగా ఆ చెత్తతో... నా మొహాన ఉమ్మేస్తే పోయేదిగా కొంపాద్రె? ఇన్నాళ్ళూ 'బాగున్నారు, బాగున్నారు' అని నన్ను వెర్రివెధవని చేశారుగా?"

అప్పుడు తెగింది ఫోర్తునాతోకి. "నలభై ఆరు ఎవడిక్కావాలి? ఎవడడిగాడు మిమ్మల్ని? నాకు ఆరు చాలు! జారనివి ఆరు! సంతకి తీసుకెళ్ళి చూపించాను, 'ఆహా' అన్నాను, ఒకసారి కాదు రెండుసార్లు! ఇంకెలా చెప్పాలి, డోలు కొట్టాలా?" పళ్ళతో తొడుగు లాగి పారేశాడు. "ఇదిగో చూడండి. జూన్‌ నుంచీ ఇంతే. మడవమంటే మడవట్లేదు. మీ పానా జారితే మిగిలినవి కూడా పోతాయి. ఇప్పుడు వెళ్ళి మీ సంఘంలో చెప్పండి. ముప్పై బళ్ళూ తోలుకుపొండి అవతలి షెడ్డుకి. నాకు విసుగొచ్చింది, దాచి దాచి చచ్చిపోతున్నా!"

రొసెందో గ్లాసులు మెట్టు మీద పెట్టాడు. ఆ రెండు వేళ్ళనీ చూశాడు. తర్వాత ఎర్ర పెట్టెలోని పానా అందుకుని, నాలుగో బోల్టుకి తగిలించి బలమంతా పెట్టి తోశాడు. ఠక్. పానా జారి ఆయన కణుపులు చట్రానికి కొట్టుకున్నాయి. రక్తం వచ్చింది. అప్పుడు నల్ల పానా తీసుకుని అదే బోల్టుకి పెట్టి తోశాడు. కరకర, కరకర. వదిలింది.

బయట తిరిగి అప్పుడే వచ్చిన చంబీయా గొంతు పైనుంచి వినిపించింది. "ఏంటి మేస్త్రీ, గంటై నాలుగు బోల్టులా? చెయ్యి ఆడట్లేదా ఏంటి? ఎప్పుడు చూసినా ఆ తొడుగేంటండీ? మనవాళ్ళంతా అదే అనుకుంటున్నారు!"

ఫోర్తునాతో ఇక అంతే అనుకున్నాడు.

రొసెందో ఎర్ర పెట్టె పానాతో, రక్తం కారుతున్న చేత్తో మెట్లెక్కాడు.

"మేస్త్రీ చేతికేమైందిరా? గుండ్రాయిలా ఉంది. ఇదిగో, చెయ్యి కొట్టుకున్నది నాకు. నేనిచ్చిన పానాలు చెత్త. ఆయన మర్యాదకి నోరు మూసుకుని వాటితోనే కుస్తీ పడుతున్నాడు."

"నలభై ఆరూనా?" అన్నాడు చంబీయా, నమ్మలేక.

"నలభై ఆరూ చెత్తే. మెరుపు చూసి మోసపోయా. ఆయనకి పనికొచ్చే పానా ఏదో నాకు తెలియలేదు. వెళ్ళి రూటంతా చెప్పుకో, పో. రొసెందో వయ్యపా తన కొంపాద్రెకి చల్యలో చెత్త ఇచ్చాడని చెప్పు."

చంబీయా పో అనేదాకా కూడా ఆగలేదు. అప్పటికే ఫోను చెవికి పెట్టుకున్నాడు. సాయంత్రానికి ఆఖరి స్టాపు దాకా నవ్వుకుంటారు. ఇంకో పదేళ్ళు ప్రతి పెళ్ళిలోనూ రొసెందో ఏదైనా కానుక ఇవ్వబోతే "జారుతుందేమో చూడండ్రా" అంటారు. పరువే ప్రాణంగా బతికిన మనిషికి అది తెలియక కాదు.

"కొంపాద్రె..." అన్నాడు ఫోర్తునాతో కిందినుంచి.

"మాటలు తర్వాత. ముందు నా బండి కానివ్వండి!" అని అరిచాడు పైనుంచి రొసెందో, ఎప్పటి గొంతుతోనే.

ఫోర్తునాతో అలనోకా గుంటలో నిలబడి ఏడ్చాడు. ఆ మనిషి మీద, ఆ నోరు మీద, ఆ నలభై ఆరు మీద ఇన్నాళ్ళూ పడ్డ విసుగంతా పెట్టి ఏడ్చాడు. ఏడుస్తూనే నల్ల పానాని అరచేత్తో తోస్తూ మిగిలిన బోల్టులన్నీ విప్పాడు.